మూడేళ్ళు చెట్టు కింద నిలిచిపోయిన కారు: పెయింట్‌కి మళ్ళీ కళ తేవచ్చా?

నీలికారు

అందరికీ నమస్కారం. నాన్న కారు ఇప్పుడు నా చేతికి వచ్చింది, ముదురు నీలం మెటాలిక్. ఆయన నడపడం మానేశాక మూడేళ్ళు చెట్టు కిందే ఉండిపోయింది, కవర్ కూడా వేయలేదు. ఇంజన్, బ్రేకులు, టైర్లు అన్నీ చూపించి బాగు చేయించాను, ఇక మిగిలింది పెయింటే. తలుపులు పరవాలేదు, కాస్త కళ తప్పాయి అంతే. బానెట్ మీద మాత్రం పిట్టల రెట్టలు ఎండి దిగిన మచ్చలు, చెట్టు బంక చుక్కలు, నీళ్ళు ఆరిపోయిన చోట తెల్లటి గుండ్రాలు ఉన్నాయి, చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా గరగరలాడుతోంది. రూఫ్ వెనక వైపు అరచేయంత మేర తెల్లగా పాలిపోయి, అంచుల్లో ఉల్లిపొరలాగా లేస్తోంది.

తెలిసినాయన ఒకరు రబ్బింగ్ కాంపౌండ్ ఇచ్చి పాత గుడ్డతో గట్టిగా రుద్దమన్నారు. బానెట్ మూలలో జానెడు మేర రుద్దాను. మెరిసినట్టే అనిపించింది, మర్నాడు ఎండలో చూస్తే అక్కడంతా సాలెగూడు లాంటి గీతలు. భయమేసి ఆపేశాను.

ఇది ఇంట్లో చేసుకోగలిగే పనేనా? పాలిష్ మెషిన్ తప్పదా? పాలిష్ లేకుండా నేరుగా సీలెంట్, అంటే పెయింట్ మీద పూసే రక్షణ పొర, పూస్తే కనీసం ఇంకా పాడవకుండా ఆగుతుందా? ఈ కారుని నేను ఇంకో పదేళ్ళు వాడాలనుకుంటున్నాను, తొందరపడి ఉన్నది కూడా చెడగొట్టుకోవడం ఇష్టం లేదు.

మెరుగుచేయి

ఆపేసి మంచి పని చేశారు, ఇంకాస్త రుద్ది ఉంటే ఆ మూల చేజారిపోయేది.

ముందు ఒక విషయం. మీరు రుద్దుతున్నది నీలం రంగుని కాదు, దాని మీదున్న క్లియర్ కోట్‌ని. మెటాలిక్ రంగులకి దాదాపు ఎప్పుడూ అలాగే ఉంటుంది: రేకు, ప్రైమర్, రంగు, అన్నిటి పైన పారదర్శకమైన క్లియర్ కోట్. అన్నీ కలిపి ఫ్యాక్టరీ పెయింట్ మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా సన్నం. ఎండని అడ్డుకునే గుణం కూడా ఆ పొరలోనే ఉంటుంది కాబట్టి పాలిష్ చేసిన ప్రతిసారీ మనం కారు ఆయుష్షులో కొంచెం ఖర్చు పెడుతున్నట్టే లెక్క. అందుకే ఎంత తక్కువ రుద్ది ఎంత మెరుపు తేగలమన్నదే చూసుకోవాలి, అద్దంలా అయ్యేదాకా రుద్దుతూ పోకూడదు.

రూఫ్ మీది మచ్చ సంగతి దాచకుండా చెప్తాను, బాధపడకండి. పొరలు లేస్తోందంటే అక్కడ క్లియర్ కోట్ చచ్చిపోయింది. పాలిష్‌తో పోదు, సీలెంట్‌తో కప్పబడదు, రుద్దితే అంచు ఇంకా లేచి మచ్చ పెద్దదవుతుంది. మళ్ళీ పెయింట్ వేయించడం ఒక్కటే దారి. మిగతాది చాలావరకు తిరిగి వస్తుంది.

గీతలకి ఒక గుర్తు: గోరు అడ్డంగా లాగితే అక్కడ తగులుకుంటోందంటే అది లోతైన గీత, వదిలేయండి. గోరుకి తెలియనివి చాలావరకు పాలిష్‌తో పోతాయి.

సీలెంట్ నేరుగా పూయడం గురించి: కళ తప్పిన పెయింట్ మీద పూస్తే ఆ కళ తప్పినతనం మీదే ఒక పొర పడుతుంది. సీలెంట్ పని కాపాడటం, బాగుచేయడం కాదు. అది కూడా గరుకు మీద సరిగా పట్టదు.

ఆదివారంబకెట్

పాలిష్ గురించి అందరూ రాస్తారు, కడగడం గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నాను. గీతల్లో ఎక్కువ భాగం కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడేవే. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడిస్తే ఆ గుడ్డకి అంటిన ఇసుకతోనే రుద్దినట్టు.

రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ముందు పైపుతో బాగా తడిపి వదులుగా ఉన్న మట్టి పోనివ్వండి, తర్వాత రూఫ్ నుంచి కిందికి రండి. చెట్టు బంకని గీకకండి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ కాసేపు దాని మీద కప్పి ఉంచితే మెత్తబడుతుంది. నీటి మచ్చలకి వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, రేకు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, ఒక నిమిషం ఉంచి కడిగేయండి. అవి నీళ్ళలోని సున్నం వల్ల వచ్చేవి కాబట్టి పైపైనవి దీనితోనే పోతాయి, లోపలికి దిగినవి పాలిష్‌కి వదలండి.

కడిగి ఆరిన తర్వాత పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి, వేళ్ళ కొసలతో బానెట్ మీద మెల్లగా జరపండి. మామూలుగా తడిమితే తెలియని గరుకు కూడా కవర్ లోంచి రవ్వరవ్వగా తెలుస్తుంది. ఆ రవ్వల్లో కొన్ని బ్రేకుల నుంచి ఎగిరి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను. ఐరన్ రిమూవర్ స్ప్రే చేస్తే రెండు మూడు నిమిషాల్లో ఊదారంగు చారలుగా కారుతుంది, మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేకపోయాను, శుభ్రంగా ఉందనుకున్న డిక్కీ తలుపు నిండా చారలే. ఆరిపోనివ్వకుండా కడిగేయాలి. ఆ తర్వాత క్లే బార్, పెయింట్‌కి అంటిన మురికిని లాగేసే మెత్తటి మట్టిముద్ద లాంటిది: ముక్క తుంచి అరచేతిలో బిళ్ళలా నొక్కి, జారేందుకు స్ప్రే ధారాళంగా కొట్టి, బరువు వేయకుండా అటూ ఇటూ జరపండి. మొదట పట్టేస్తున్నట్టు ఉంటుంది, నాలుగైదు సార్లకి గాజు మీద జారినట్టు జారుతుంది, అప్పుడు అక్కడ పని అయిపోయింది. నేల మీద పడిందా, ఇంక ఆ ముక్క పారేయండి, ఒక్క ఇసుక రేణువు చాలు కొత్త గీతలు పెట్టడానికి. పాలిపోయిన ఆ రూఫ్ ముక్క మీద మాత్రం క్లే పెట్టొద్దు.

పాతబండి

మెషిన్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చేసి నేర్చుకున్నాను. నాలుగేళ్ళ క్రితం నా పాత ఎర్ర కారు మీద ఒక మిత్రుడి రోటరీ మెషిన్, అంటే ప్యాడ్ ఊగకుండా గిరగిరా తిరిగేది, పెట్టాను. తలుపు మీద గీతగా లేచి ఉండే మడత ఉంటుంది కదా, సరిగ్గా దాని మీద రెండు క్షణాలు ఎక్కువ నిలిపాను. ప్యాడ్ తీసి చూస్తే మడత పొడవునా ప్రైమర్ బూడిదరంగు గీత. ఇప్పటికీ ఆ తలుపు తీసినప్పుడల్లా నా కన్ను అక్కడికే పోతుంది. అంచుల మీద, మడతల మీద పెయింట్ మామూలుగానే పల్చగా ఉంటుంది, ఒత్తిడంతా అక్కడే పడుతుంది కూడా. అందుకే అంచులకీ, రబ్బర్లకీ, నల్ల ప్లాస్టిక్ భాగాలకీ మాస్కింగ్ టేప్ వేయడం బద్ధకించకండి.

కొత్తవాళ్ళకి డ్యూయల్ యాక్షన్ మెషిన్ మంచిది. అది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పుట్టదు, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది, అంటే అదే మిమ్మల్ని ఆపుతుంది. ప్యాడ్ అమర్చే ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, గీత తిరగడం కనిపిస్తోందంటే ఒత్తిడి సరిగా ఉన్నట్టు, నిలబడిపోతే ఎక్కువ నొక్కుతున్నట్టు.

చేత్తో చేయలేమా అంటే చేయొచ్చు, తలుపులకి సరిపోతుంది. బానెట్ మాత్రం చేతులు పడిపోతాయి, ఫలితం కూడా ఒక్కో చోట ఒక్కోలా వస్తుంది.

అసలు ముఖ్యం, మొత్తం కారు మొదలుపెట్టకండి. బానెట్ మీద ఒకటిన్నర అడుగు చదరం టేప్‌తో కట్టుకుని అందులోనే ప్రయోగం చేయండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్, బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. ముందు మెషిన్ ఆన్ చేయకుండా చుక్కల్ని పూసి, అప్పుడు మెల్లగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, అలా నాలుగు సార్లు. తుడిచి టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. చాలకపోతే ముందు ప్యాడ్ మార్చండి, ఆ తర్వాతే కాస్త గరుకు పాలిష్‌కి వెళ్ళండి. ఎండలో వద్దు, రేకు చేతికి చల్లగా తగలాలి.

ఒకేసీసా

ఇంత కష్టం రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి అవసరమా అని నా ప్రశ్న. పాలిష్, సీలెంట్ రెండూ కలిసిన ఆల్ ఇన్ వన్ దొరుకుతుంది, నేను రెండు కార్లకి అదే వాడుతున్నాను, ఒక్క పూటలో అయిపోతుంది, చూసినవాళ్ళు బాగుందనే అంటారు.

మెరుగుచేయి

ఒకేసీసా గారూ, తలుపులకి మీ మాట ఒప్పుకుంటాను. కళ మాత్రమే తగ్గిన చోట అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఈ బానెట్ వేరు. రెట్టలు ఎండలో పడి ఉంటే క్లియర్ కోట్ వేడికి వ్యాకోచించి, చల్లారినప్పుడు గట్టిపడిన రెట్ట చుట్టూ ముడుచుకుంటుంది, ఆ ఆకారమే అచ్చులా మిగిలిపోతుంది. దానికి పై పొరని కాస్త అరగదీసే కోత కావాలి, ఆల్ ఇన్ వన్‌లో అంత ఉండదు. పైగా అలాంటి వాటిలో గీతల్ని నింపే నూనెలు ఉండొచ్చు, నాలుగు వాష్‌ల తర్వాత గీతలు మళ్ళీ కనిపిస్తాయి.

నీలికారు

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. కడగడం, ఐరన్ రిమూవర్, క్లే మాత్రమే చేయడానికి ఒక సెలవు రోజు మొత్తం పట్టింది. ఊదా చారలు నాకూ కారాయి! క్లే బిళ్ళ తిప్పి చూస్తే గోధుమరంగు మురికి, మడిచి మళ్ళీ మళ్ళీ వాడాను. నిన్న టేప్ కట్టి చిన్న చదరం చేశాను. మెత్తటి ప్యాడ్‌తో సగం వచ్చింది, కొంచెం గట్టి ప్యాడ్, అదే పాలిష్‌తో రెట్ట మచ్చలు రెండు తప్ప అన్నీ పోయాయి. టేప్ తీసినప్పుడు ఒక వైపు మబ్బుపట్టిన నీలం, ఇంకో వైపు లోపల వెండి పొడి తళుక్కుమనే నీలం, మధ్యలో రూళ్ళకర్రతో గీసినట్టు గీత. నాన్నని పిలిచి చూపించాను. ఆయన ఆ చదరం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు.

ఆ రెండు మచ్చలకి ఇంకా రుద్దాలా? తర్వాత సీలెంటా, ఇంకా గట్టి పొర వేసే సిరామిక్ కోటింగా? రూఫ్ పెయింట్ ఎప్పుడు వేయించుకోవాలి?

పాతబండి

చదివి చాలా సంతోషం వేసింది. ఆ రెండు మచ్చలు ఉండనివ్వండి, వాటి కోసం క్లియర్ కోట్ తగ్గించుకోకండి. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులపండి, రెండు మూడు ప్యాడ్లు చేతిలో ఉంచుకోండి.

వర్క్‌షాపక్క

పెయింట్ పని దగ్గర చాలా ఏళ్ళు ఉన్నదాన్ని, వరుస గురించి చెప్పాలనిపించింది. నీలికారు తమ్ముడూ, దయచేసి ఇక్కడే ఆగు. ముందు రూఫ్ పెయింట్ వేయించు, ఆ తర్వాతే మిగతా పాలిష్, సీలెంట్. కారణాలు రెండు. ఎంత మూసినా పెయింట్ తుంపర, సానబట్టిన దుమ్ము పక్క రేకుల మీద పడుతుంది, నువ్వు పడిన కష్టం మళ్ళీ పడాలి. రెండోది ఇంకా ముఖ్యం, సీలెంట్లలో, కొన్ని పాలిష్‌లలో సిలికోన్ లాంటివి ఉంటాయి, వాటి ఆనవాలు రూఫ్ మీద మిగిలితే కొత్త పెయింట్ అక్కడ పట్టకుండా చిన్నచిన్న గుంటలు పడుతుంది, చేప కళ్ళలాగా. ఇప్పటికే బానెట్ మీద పాలిష్ వాడావని పెయింట్ వేసేవాళ్ళకి ముందే చెప్పు, వాళ్ళు శుభ్రం చేసుకుంటారు.

కొత్త పెయింట్ మీద వెంటనే సీలెంట్ పూయకు. లోపలి ద్రావకాలు బయటికి పోవాలి. నెల అని ఒకరు, రెండు మూడు నెలలు అని ఒకరు చెప్తారు, అది వాడిన పెయింట్‌ని బట్టి ఉంటుంది, వేసినవాళ్ళనే అడిగి అంత కాలం ఆగు.

సీలెంట్ రోజున: పాలిష్ నూనెలు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు, అప్పుడే అసలు గీతలు ఏవో, పోయినట్టు కనిపించినవి ఏవో కూడా బయటపడతాయి. సీలెంట్ ఎంత పల్చగా పూస్తే అంత మంచిది, మందంగా పూసినంత మాత్రాన ఎక్కువ రోజులేం ఉండదు, తుడవడానికి మాత్రం చుక్కలు కనిపిస్తాయి. తెల్లగా మసకబారాక వేలితో ఒక గీత గీసి చూడు, శుభ్రంగా వస్తే తుడవచ్చు, జిడ్డుగా సాగితే ఇంకాస్త ఆగు. ఆ రోజంతా నీళ్ళు తగలనివ్వకు.

సిరామిక్ ఎక్కువ కాలం ఉంటుంది, నిజమే, కానీ పూయడంలో తప్పు జరిగితే ఆ మరక తీయడానికి మళ్ళీ పాలిష్ పట్టాలి. మొదటిసారికి సీలెంట్ చాలు. నాలుగైదు నెలలకోసారి పూసుకో, నీళ్ళు చుక్కలుగా నిలవకుండా పరుచుకుపోతుంటే సమయం వచ్చినట్టు. కవర్ కొంటే మాత్రం కడిగిన కారుకే వేయి, దుమ్ము కారుకి వేస్తే గాలికి కవరే గీతలు పెడుతుంది.

నీలికారు

అక్కా, మీరు ఈ ఒక్క రోజు ఆలస్యంగా చెప్పి ఉంటే రేపు బానెట్ మొత్తం చేసేసేవాణ్ణి. మెషిన్ లోపల పెట్టేశాను. సోమవారం రూఫ్ చూపించడానికి తీసుకెళ్తున్నాను, బానెట్ మీద వాడిన పాలిష్ సీసా కూడా వెంట పట్టుకెళ్తాను.