హిమేజీ కోట: మోకాళ్ళ నొప్పులున్న నాన్నతో వెళ్తున్నాం, లోపలికి ఎక్కాలా, కింద పార్కుతో సరిపెట్టుకోవాలా?

వానచినుకు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. ఏప్రిల్ మొదటి వారంలో అమ్మానాన్నలతో, మా పాపతో జపాన్ వెళ్తున్నాం, బస ఒసాకాలో. ఒకరోజు పూర్తిగా హిమేజీకి పెట్టుకున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తారు గానీ మెట్లంటే కష్టం. అమ్మేమో పైదాకా ఎక్కాల్సిందే అంటోంది. నెట్‌లో చూస్తే కొంతమంది లోపలేం లేదు, ఖాళీ గదులు, బయట ఫోటో దిగి వచ్చెయ్యండి అంటున్నారు, ఇంకొంతమంది జపాన్‌లో చూడాల్సిన కోటంటే అదే అంటున్నారు. టికెట్ కూడా బాగా పెంచేశారని విన్నాను. లోపలికెళ్ళడం దండగేనా? మేం ఎక్కుతుంటే నాన్నకి కింద పొద్దుపోతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

కోబె_కబుర్లు

దండగ కాదండీ, అస్సలు కాదు. నేను ఇటువైపే ఉంటాను, ఇంటికి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాను, అందుకే ఈ ఖాళీ గదులు అనే మాట వింటే బాధేస్తుంది.

గదులు ఖాళీగానే ఉంటాయి, నిజమే. కానీ కోట మధ్యలో ఉండే ఆ పెద్ద బురుజులో ప్రభువు ఎప్పుడూ కాపురం ఉండలేదు కదా, అది యుద్ధం వస్తే ఆఖరున తలదాచుకుని పోరాడ్డానికి కట్టింది. సోఫాలు, పరుపులు ఉంటాయనుకుని వెళ్తే ఖాళీగానే కనిపిస్తుంది. గోడల వెంబడి చూడండి, ఈటెలు, తుపాకులు తగిలించే కొయ్యలు వరసగా ఉంటాయి, మూలల్లో సైనికులు దాక్కునే చిన్న చిన్న అరలు ఉంటాయి, ఎత్తు కిటికీల దగ్గర నిలబడి కిందకి రాళ్ళేయడానికి అరుగులు ఉంటాయి. నేలమాళిగలో మరుగుదొడ్లు కూడా కట్టి పెట్టారు, ముట్టడి వస్తే పనికొస్తాయని. ముట్టడి ఎప్పుడూ రాలేదు, వాటిని ఎవరూ వాడలేదు.

ఇంకో సంగతి, ఇప్పుడు కనిపించే పెద్ద బురుజు 1609లో అప్పటి కోట ప్రభువు ఇకెదా తెరుమాస పూర్తి చేయించిందే, కలప కట్టడం, ఆ రోజుల్నుంచి అలాగే నిలబడి ఉంది. జపాన్‌లో అలా మిగిలినవి మొత్తం 12 మాత్రమే, మిగతా చాలా కోటలు తర్వాత కాంక్రీటుతో కట్టినవి. 1945 జూలైలో బాంబులు పడి చుట్టూ ఊరంతా కాలిపోయింది, ఈ కోట పై అంతస్తులో కూడా ఒక బాంబు పడింది గానీ పేలలేదు. లోపల కిందనుంచి పైదాకా రెండు మహా స్తంభాలు ఉంటాయి. తూర్పుది చాలావరకు పాతదే. పడమటిది 1956 నుంచి 1964 దాకా జరిగిన మరమ్మతుల్లో మార్చారు, దానికోసం తెస్తున్న మాను దారిలో విరిగిపోతే ఇంకో మానుతో అతికించి నిలబెట్టారు. మూడో అంతస్తులో ఆ అతుకు దగ్గర ఆగి చూడండి, జనం పట్టించుకోకుండా దాన్ని దాటుకుని ఫోటోల కోసం పైకి పరిగెడుతుంటారు.

మెట్ల సంగతి మాత్రం దాచను. బయటికి ఐదంతస్తుల్లా కనిపిస్తుంది గానీ లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి, లిఫ్ట్ లేదు. పైకి పోయేకొద్దీ మెట్లు అటక నిచ్చెనలా నిటారుగా అయిపోతాయి. చెప్పులు, బూట్లు కిందే విప్పి సంచిలో పెట్టి చేత్తో పట్టుకెళ్ళాలి, అంటే ఒక చెయ్యి దానికే పోతుంది, పైగా సాక్సులతో నున్నటి చెక్క మీద జారుతుంది. వెనక జనం వరసలో ఉంటారు కాబట్టి మధ్యలో వెనక్కి దిగొచ్చేస్తా అన్నా కుదరదు. మీ నాన్నగారిని దయచేసి ఎక్కించకండి. అమ్మగారు ఓపికున్నవాళ్ళైతే ఎక్కగలరు, పట్టు ఉండే సాక్సులు వేయించండి, చిన్న హ్యాండ్‌బ్యాగ్ కూడా వద్దు, భుజాలకి తగిలించుకునే బ్యాగ్ అయితే మంచిది.

టికెట్ 2026 మార్చి నుంచి ఆ ఊరివాళ్ళు కానివాళ్ళకి 2,500 యెన్‌లు, 18 ఏళ్ళ లోపు ఫ్రీ, కాబట్టి పాపకి అక్కర్లేదు. పొద్దున 9కి తెరుస్తారు, ఆ టైముకే గేటు దగ్గర ఉండండి, పూలకాలంలో ఆలస్యమైతే జనాన్ని ఆపి ఆపి పంపుతారు.

రైలుపక్షి

నాన్నగారి గురించి నేను చెప్తాను, మా అత్తయ్యగారిది కూడా అదే పరిస్థితి.

స్టేషన్ బయటికి రాగానే వెడల్పాటి రోడ్డు చివర కోట ఎదురుగా కనిపిస్తుంది, ఒక కిలోమీటరు, అంతా చదునే, నడవలేకపోతే బస్సు ఉంది. కందకం మీద వంతెన దాటితే సన్నోమారు అనే పెద్ద మైదానం, అక్కడిదాకా టికెట్ లేదు. చెర్రీ చెట్లన్నీ దాని అంచుల వెంబడే, కోట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. ఏప్రిల్ మొదట్లో జనం నీలం పట్టాలు పరుచుకుని డబ్బాలు విప్పుకుని కుటుంబాలతో కూర్చుంటారు, ముసలివాళ్ళకి మడత కుర్చీలు కూడా తెచ్చుకుంటారు. మీరూ ఒక పట్టా కొనుక్కోండి. నాన్నగారు అలా కూర్చుని ఆ సందడి చూస్తే పొద్దే తెలీదు.

ఆయనకి తోటలంటే ఇష్టమైతే పక్కనే కోకోఎన్ ఉంది, దానికి విడిగా టికెట్. సమురాయ్‌ల ఇళ్ళుండే చోట 1992లో ‘ఎదో’ కాలం (1603 నుంచి 1868 దాకా) పద్ధతిలో వేసిన తొమ్మిది తోటలు, ఒక్కోటి గోడలతో వేరుచేసి ఉంటాయి. చెరువులో రంగురంగుల కోయ్ చేపలు, టీ గదిలో కూర్చుని మాచా తాగొచ్చు. నిమ్మళంగా చూసుకునేవాళ్ళకి కోటకన్నా ఇదే నచ్చుతుందని నా అభిప్రాయం. స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఈగ్రెట్ హిమేజీ అనే బిల్డింగ్ ఉంది, లిఫ్ట్‌లో మేడమీదకి పోతే కోట ఎదురుగా, అది ఫ్రీ. ఆయన్ని మాత్రం అది తప్పకుండా ఎక్కించండి.

ఒసాకా నుంచి షిన్‌కైసొకు అనే లోకల్ రైలు గంటలో చేరుస్తుంది, అదనపు ఛార్జీ ఏమీ లేదు. షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) అయితే షిన్ ఒసాకా నుంచి అరగంటే గానీ ఖర్చు ఎక్కువ.

మెట్లదారి

నేనైతే వేరే మాట చెప్తా. నాన్నగారు కూడా ఒక కోట పైకెక్కి చూశాననుకోవాలంటే ఒసాకా కోట మంచిది కదా, మీరుండేదే ఆ ఊరు. 1931లో కాంక్రీటుతో కట్టింది, లిఫ్ట్ ఉంది, లోపల మ్యూజియం, చుట్టూ పెద్ద పార్కు. అందరూ కలిసే చూడొచ్చు, ఒకర్ని కింద వదిలేయక్కర్లేదు.

కోబె_కబుర్లు

@మెట్లదారి మీరన్నది సబబే, వీలుంటే రెండూ చూడమనే చెప్తాను, నాన్నగారి కోసం ఒక సాయంత్రం ఒసాకా కోట పెట్టుకోండి. కానీ దాన్ని చూశాం కదా అని హిమేజీ మానేయకండి. ఒసాకాలో ఉన్నది మ్యూజియం, బాగుంటుంది. హిమేజీలో ఆ దారే కోట. ‘హిషి’ అనే ద్వారం దాటినప్పటినుంచి గమనించండి, బురుజు పక్కనే ఉన్నట్టు ఉంటుంది గానీ దారి మిమ్మల్ని పక్కకి తిప్పుతుంది, గోడల్లో గుండ్రంగా, మూడు మూలలుగా, నాలుగు మూలలుగా బెజ్జాలు, వాటిలోంచి శత్రువుల మీద బాణాలు, తూటాలు. ఒకచోట ద్వారం ఎంత చిన్నదంటే తల వంచితేగానీ పట్టం. ఇంకాస్త దగ్గరికొచ్చామనుకునేసరికి దారి కిందకి దిగుతుంది, తప్పుదారి పట్టామేమో అని శత్రువు వెనక్కి తిరగాలని.

వానచినుకు

అబ్బ ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, చాలా థాంక్సండీ అందరికీ. నాన్నకి కోకోఎన్ ఫోటోలు చూపించాను, ఆయన అప్పుడే సరే అనేశారు. ఆయనతో మా వారు ఉంటారు, నేనూ అమ్మా పాపా ఎక్కుతాం. పాపకి విసుగు రాకుండా ఏమైనా ఉందా? కథలంటే ప్రాణం దానికి.

పాతపుస్తకం

కథలకేం కొదవలేదమ్మా అక్కడ. ముందు పాపకి రెండు పనులప్పగించండి. ‘ని’ అనే పేరున్న ద్వారం కప్పు పెంకుల్లో ఒకదాని మీద శిలువ గుర్తు ఉంటుంది, దాన్ని కనిపెట్టమనండి, మిగతా పెంకుల మీద సీతాకోకచిలుక ముద్రలు లెక్కపెట్టమనండి, అవి ఇకెదా వాళ్ళ వంశం గుర్తు. రెండోది, రాతిగోడలో ఇనప వల కప్పిన ఒక చిన్న తిరగలి రాయి. ఇకెదా కన్నా ముందు హిదెయోషి అనే యుద్ధవీరుడు ఇక్కడ కోట కట్టించేటప్పుడు రాళ్ళు చాలకపోతే మోచీలు (బియ్యపు ముద్దలు) కాల్చి అమ్ముకునే ఒక ముసలమ్మ తన తిరగలి రాయే ఇచ్చేసిందని, అది తెలిసి ఊళ్ళోవాళ్ళంతా రాళ్ళు మోసుకొచ్చారని చెప్పుకుంటారు. గోడల్లో పాత సమాధుల రాతి పెట్టెలు కూడా ఇరికించారు, నిజంగానే రాళ్ళకి అంత కరువు.

దిగేటప్పుడు ఒకికు బావి వస్తుంది. పది పళ్ళాల్లో ఒకటి పోయిందని నింద వేసి ఆ పనమ్మాయిని చంపి బావిలో పడేశారని, రాత్రుళ్ళు బావిలోంచి పళ్ళాలు లెక్కపెట్టే గొంతు వినిపించేదని కథ. పాప భయస్తురాలైతే ఇది ఒసాకా తిరిగొచ్చాక చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం నిషినోమారు, అంటే పడమటి కోట, అదే టికెట్ మీద చూడొచ్చు, కానీ బురుజు ఎక్కి అలసిపోయి సగం మంది అటు పోకుండానే వెళ్ళిపోతారు. అందుకే ముందు అది చూసి తర్వాత బురుజు ఎక్కండి. అక్కడ సెన్‌హిమె అనే రాకుమారి కోసం కట్టిన అలంకార బురుజు, దాసీలు ఉండే గదుల వరస, 200 మీటర్లు దాటిన పొడవాటి నడవా ఉంటాయి. ఈ అమ్మాయి అప్పట్లో జపాన్‌ని ఏలిన తొకుగావా ఇయెయాసుకి మనవరాలు, ఏడేళ్ళకే ఇందాక చెప్పిన హిదెయోషి కొడుకు టొయొటొమి హిదెయొరికిచ్చి పెళ్ళి చేశారు. 1615లో తాతగారి సైన్యమే ఒసాకా కోటని పడగొట్టి ఆ భర్త చనిపోయేలా చేసింది. తర్వాత హోందా తదతొకిని చేసుకుని 1617లో ఇక్కడికొచ్చింది, కొడుకు పసితనంలోనే పోయాడు, 1626లో భర్తా పోయాడు, ఎదోకి (ఇప్పటి టోక్యో) తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ ఈ పడమటి కోట నుంచే ఎదురుగా ఉన్న ఒతొకోయామ గుట్ట మీది గుడికి దణ్ణం పెట్టుకునేదంటారు. కిటికీలోంచి చూస్తే ఆ గుట్ట కనిపిస్తుంది, పాపని చూడమనండి.

రైలుపక్షి

ఒకటి మర్చిపోకండి, లోపలికి ఆఖరి ఎంట్రీ సాయంత్రం 4కే. వానొస్తే రాళ్ళదారి జారుతుంది, ఆ రోజు మాత్రం అమ్మగారితో నిషినోమారు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి వెనక్కి తిరగండి, పెద్ద బురుజు జోలికి పోకండి.