బోర్డు చేతిలో లేకుండా బస్ డ్రైవర్‌కు ‘రివ్యూడ్-బై’ వ్రాయవచ్చా?

రెండోచూపు:
లినక్స్ కెర్నల్‌కు వచ్చిన ఒక కొత్త ఐ3సీ (రెండు తీగల మీద పలు చిప్‌లను కలిపే బస్) కంట్రోలర్ డ్రైవర్ ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) కొన్ని వారాలుగా చదువుతున్నాను. కంట్రోలర్‌ను నడిపే రిజిస్టర్ల వివరాలున్న పత్రం నా దగ్గర ఉంది గాని, ఆ కంట్రోలర్ ఉన్న బోర్డు లేదు. నేను ఎత్తిచూపిన లోపాలను రచయిత మూడో విడతలో సరిదిద్దారు. ఇక మిగిలింది నా పేరుతో ‘రివ్యూడ్-బై’ అనే ట్యాగ్ (ప్యాచ్‌ను పరిశీలించానని తెలిపే వరుస) వ్రాయడమే. అయితే ఆ తీగల మీద ఒక్క బిట్ కదలడం కూడా చూడని మనిషి ఆ మాట వ్రాస్తే, మెయింటైనర్‌కు (ప్యాచ్‌లను చేర్చుకునే వ్యక్తికి) లేని భరోసా ఇచ్చినట్లు కాదా అన్న సందేహం నన్ను వదలడం లేదు. అనుభవం ఉన్నవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

తీగచివర:
వ్రాయకూడదనే నేనంటాను. సెన్సర్ డ్రైవర్ తప్పు చేస్తే ఆ సెన్సర్ ఒక్కటే పనిచేయదు. బస్ డ్రైవర్ తప్పు చేస్తే దాని మీద ఉన్న పరికరాలన్నీ మూగబోతాయి, పైగా నింద ఆ పరికరాల డ్రైవర్ల మీద పడుతుంది. ఐ3సీలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడ కంట్రోలర్ చిరునామాల కేటాయింపు మొదలుపెట్టగానే, చిరునామా లేని పరికరాలన్నీ తమ 48 బిట్ల గుర్తింపు సంఖ్యను ఒకేసారి తీగ మీద పెడతాయి. ముందుగా సున్నా పంపినది నెగ్గుతుంది, నెగ్గిన దానికి 7 బిట్ల చిరునామా దక్కుతుంది. ఈ పోటీ ఓపెన్-డ్రెయిన్ పద్ధతిలో (గీతను కిందికి మాత్రమే లాగి, పైకి దానంతటదే లేవనిస్తూ) నెమ్మదిగా జరగాలి. ఆ తర్వాతి బదిలీలు పుష్-పుల్ పద్ధతిలో (గీతను పైకీ కిందికీ నెడుతూ) 12.5 మెగాహెర్ట్జ్ వరకు పరుగెత్తవచ్చు. కోడ్‌లో ఇదంతా కనిపించేది రిజిస్టర్లలో వ్రాసే రెండు అంకెలుగా మాత్రమే. ఆ అంకెలతో గీత సమయానికి పైకి లేస్తోందో లేదో ఆసిలోస్కోప్ చెప్పాలి తప్ప చదివేవారు చెప్పలేరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. గతంలో నేను పనిచేసిన ఒక డ్రైవర్‌ను ముగ్గురు చదివి బాగుందన్నారు. బోర్డు మీద నడిపితే, వెయ్యి బదిలీలకు ఇంటరప్ట్‌లను (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను) లెక్కించే ప్రొక్ ఇంటరప్ట్స్ ఫైలులోని లెక్క రెండు వేలకు దగ్గరగా పెరిగింది. ఇంటరప్ట్ వచ్చిందని తెలిపే స్టేటస్ బిట్‌ను చెరపడానికి హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) చివర చేసిన రైట్ దారిలోని బఫర్‌లో ఆగి, కంట్రోలర్‌ను చేరేలోపే హ్యాండ్లర్ ముగిసిపోతోంది. ఇంటరప్ట్ గీత ఇంకా దిగలేదు కాబట్టి హ్యాండ్లర్ మళ్లీ మొదలవుతోంది. ఆ రైట్ వెంటనే అదే రిజిస్టర్‌ను ఒకసారి చదివిస్తే లెక్క సరిపోయింది. ఒక్క వరుస కోడ్, ముగ్గురిలో ఎవరి కంటికీ ఆనలేదు.

పాతప్యాచ్:
ఆ ముగ్గురూ సరిగా చదవలేదనే దాన్నిబట్టి తెలుస్తోంది, తీగచివర గారూ. ఇంటరప్ట్‌ను చెరిపే రైట్ కనబడితే దాని వెనుక రీడ్ ఏదని అడగడం పాత అలవాటే.

అసలు ప్రశ్నకు వస్తే, ‘రివ్యూడ్-బై’ అంటే ఏమిటో కెర్నల్ పత్రాలలోనే వ్రాసి ఉంది. ప్యాచ్‌ను సాంకేతికంగా పరిశీలించాననీ, చేర్చకుండా ఆపదగిన లోపం ఏదీ తనకు తెలిసినంతలో మిగలలేదనీ చెప్పడమే దాని అర్థం. అది ఏ పరిస్థితిలోనైనా సరిగా పనిచేస్తుందని హామీ ఇవ్వడం లేదని అదే ప్రకటనలో స్పష్టంగా ఉంది. నడిపి చూసినవారికి ‘టెస్టెడ్-బై’ వేరుగా ఉంది. రెండింటినీ కలిపివేస్తే రెండో దాని అవసరమేమిటి?

ఇంకో మాట. రచయిత దగ్గర బోర్డు ఉంది, దాని మీద డ్రైవర్ నడుస్తోంది. మరి రివ్యూ చేసేవారు చూడవలసింది ఆ బోర్డు ఎప్పుడూ నడవని దారులను. ఉదాహరణకు టైమౌట్ దారిని తీసుకోండి. బదిలీ వివరాలున్న స్ట్రక్చర్‌ను ఫంక్షన్ తన స్టాక్ (అది ముగిశాక వేరొకరికి పోయే తాత్కాలిక మెమరీ) మీదే ఉంచుకుని, దాని పాయింటర్‌ను (మెమరీలో దాని చిరునామాను) కంట్రోలర్ స్ట్రక్చర్‌లో పెట్టి, హార్డ్‌వేర్‌ను కదిలించి, ఇంటరప్ట్ కోసం ఒక సెకను వేచి ఉంటుంది. అది రాకపోతే టైమౌట్ లోపం చెప్పి వెనుదిరుగుతుంది. చదవడానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. కాని ఆ పాయింటర్‌ను ఎవరు తుడిచారు? ఫంక్షన్ వెళ్లిపోయాక ఆలస్యంగా ఇంటరప్ట్ వస్తే, హ్యాండ్లర్ అదే పాయింటర్ పట్టుకుని, ఈలోగా వేరొక ఫంక్షన్ వాడుకుంటున్న స్టాక్‌లో ‘పూర్తయింది’ అని వ్రాసి పోతుంది. కెర్నల్ కూలేది అక్కడికి చాలా దూరంలో, బస్‌తో సంబంధమే లేదనిపించే చోట. మంచి పరికరం ఉన్న బోర్డు మీద బదిలీ మైక్రోసెకన్లలో ముగుస్తుంది కాబట్టి ఏడాది పరీక్షించినా ఈ దారి నడవదు. హ్యాండ్లర్ పట్టుకునే స్పిన్‌లాక్‌నే (ఒకేసారి ఒకరినే రానిచ్చే తాళాన్నే) ఈ ఫంక్షన్ కూడా పట్టుకుని, పాయింటర్‌ను తుడిచి, ఫిఫోను (డేటా వరుసగా ఆగే బఫర్‌ను) ఖాళీ చేసి వెనుదిరగాలి. దీన్ని పట్టేది చదివే కన్నే.

డ్రైవర్‌ను తొలగించే దారి కూడా ఇలాంటిదే. ఇంటరప్ట్‌ను డెవ్-ఎమ్ పద్ధతిలో (విడుదల చేసే పనిని కెర్నల్‌కే వదిలి) తీసుకుంటే అది విడుదలయ్యేది రిమూవ్ ఫంక్షన్ ముగిశాకనే. రిమూవ్‌లో క్లాక్ ఆపేసి ఉంటే, ఆ సందులో వచ్చిన ఇంటరప్ట్ క్లాక్ లేని రిజిస్టర్‌ను చదవబోతుంది. చాలా చిప్‌లలో ఆ రీడ్‌కు జవాబే రాదు, యంత్రం బిగుసుకుపోతుంది.

విలీనం:
నేను వేరొక సబ్‌సిస్టమ్‌లో (కెర్నల్ భాగంలో) ప్యాచ్‌లు తీసుకునేవాడిని. మీ ఇద్దరి ఉదాహరణలూ ప్యాచ్ చేరిన తర్వాత కూడా సరిదిద్దగలిగినవే. సరిదిద్దడం కష్టమైనవి రెండు: డివైస్ ట్రీ బైండింగ్ (హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు ఎలా వర్ణించాలో చెప్పే ఒప్పందం), సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే చోట) బయటికి కనిపించే ఫైళ్లు. ఒకసారి అవి బయటికి వెళ్లి, వాటిని నమ్ముకున్నవారు ఏర్పడ్డాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. వాటిని చూడటానికి బోర్డు అవసరం లేదు. పైగా 2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నల్‌లో ఐ3సీ చేరినప్పుడే కేడెన్స్, సినాప్సిస్ కంట్రోలర్ల డ్రైవర్లు దానితోపాటు వచ్చాయి. కొత్త డ్రైవర్‌ను వాటి పక్కన పెట్టుకుని చదివితే సగం ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

తీగచివర:
పాతప్యాచ్ గారి టైమౌట్ ఉదాహరణను ఒప్పుకుంటాను, నిజానికి అలాంటిది నేనూ ఒకసారి వ్రాశాను. కాని మీరు కోడ్‌ను సరిపోల్చే రిజిస్టర్ల పత్రాన్ని ఎవరు రివ్యూ చేశారు? ఒకటి వ్రాస్తే చెరిగే బిట్ అని పత్రంలో ఉండి, చిప్‌లో అది చదవగానే చెరిగే బిట్ అయితే, డీబగ్ కోసం స్టేటస్‌ను ముద్రించిన ఒక్క వరుస ఇంటరప్ట్‌ను మింగేస్తుంది. పత్రం, కోడ్ అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి, రెండూ తప్పే. కనీసం లాజిక్ ఎనలైజర్‌తో (తీగల మీది బిట్లను నమోదు చేసే పరికరంతో) పట్టిన రెండు రికార్డులైనా రచయితను అడగండి: ఒకటి చిరునామాల కేటాయింపు, రెండవది బస్ నడుస్తుండగా కొత్త పరికరం చేరడం.

రెండోచూపు:
టైమౌట్ గురించి చదివాక ప్యాచ్‌ను మళ్లీ తెరిచాను. పాయింటర్‌ను తుడిచారు గాని, స్పిన్‌లాక్ వదిలిన తర్వాతి వరుసలో తుడిచారు. మూడు విడతలూ చదివిన నాకే అది ఇవాళ కనబడింది. కాబట్టి ట్యాగ్ ఇంకా ఇవ్వలేదు. ఆ సవరణతోపాటు తీగచివర గారు చెప్పిన రెండు రికార్డులను కూడా అడిగాను. అవి వచ్చాక, బోర్డు మీద నడపకుండా చదివి మాత్రమే చెబుతున్నానని ఒక వాక్యం చేర్చి ‘రివ్యూడ్-బై’ వ్రాద్దామనుకుంటున్నాను.

తీగచివర:
ఆ వాక్యం మీ ఉత్తరంలోనే ఉండిపోతుంది. ప్యాచ్‌లను పోగుచేసే ఉపకరణాలు ట్యాగ్ వరుసను మాత్రమే ఏరుకుంటాయి. రేపు గిట్ చరిత్ర (కోడ్ మార్పుల చిట్టా) చదివేవారికి మీ పేరు కనబడుతుంది, మీ షరతు కనబడదు.

పాతప్యాచ్:
అయితే ట్యాగ్ వరుసలోనే, పేరు తర్వాత హ్యాష్ గుర్తు పెట్టి ‘బోర్డు లేకుండా’ అని వ్రాయండి. ఏ భాగం వరకు చూశారో అక్కడే చెప్పడం ఇప్పటికే కొందరికి అలవాటు. వరుసతోపాటు అది కూడా చేరుతుంది.