తాతయ్య యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలు: ఈ సొరపాదు సంగతేమిటి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, పనిచేశాడు. మాది పెద్దాపురం దగ్గర పల్లెటూరు. పాత ఇల్లు పడగొట్టించే ముందు అటక మీద సామాను దింపుతుంటే రేకు పెట్టెలో 23 ఉత్తరాలు దొరికాయి. అన్నీ మా ముత్తాత పేరునే వచ్చాయి. మొదటిది 1942 మే నెలది, చివరిది 1945 దసరాకి రాసింది.

యుద్ధం గురించి ఏదో తెలుస్తుందని ఆశగా కూర్చుని చదివాను. ఒక్క తుపాకీ చప్పుడు లేదు. గేదె ఈనిందా, మనియార్డరు 12 రూపాయలూ అందాయా, దాళవా వేశారా, చెల్లెలి సంబంధం ఏమైంది, ఇవే. మొదటి ఉత్తరంలో మాత్రం "కాకినాడ మీద బాంబులు వేసినారని ఇక్కడ చెప్పుకొనుచున్నారు. మీరందరు కొన్నాళ్ళు అమ్మమ్మగారి ఊరు వెళ్ళవలెను" అని ఉంది. యుద్ధానికి వెళ్ళినవాడు ఇంటి దగ్గరున్నవాళ్ళని జాగ్రత్త అంటున్నాడు, చూడండి!

నాకు అర్థం కానివి ఇవి. ఎక్కడా ఊరి పేరు రాయలేదు. చిరునామాలో 1943 చివరిదాకా ఎం.ఇ.ఎఫ్. అనీ, 1944 జనవరి నుంచి సి.ఎం.ఎఫ్. అనీ ఉంది. రెండు ఉత్తరాల్లో ఒక్కో లైను బ్లేడుతో కోసేసినట్టు కిటికీలు ఉన్నాయి. ఇంకో ఉత్తరం అసలు కాగితమే కాదు, అరచేతంత ఫొటో. అందులో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, భూతద్దం పెట్టి చదివాను.

ఇక అన్నిటికంటే వింత, 1942 ఉత్తరాల్లో మూడింట "దొడ్డి గోడ మీది సొరపాదు ఎటుల ఉన్నది, కాసినదా" అని అడిగాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇంత దూరం నుంచి సొరకాయ గురించి అంత బెంగేంటో!

ఒక విషయం ముందే చెప్పేస్తాను, తిట్టకండి. రెండు ఉత్తరాలు చిరిగిపోతున్నాయని మా పక్క టౌన్‌లో ఒక షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ చేయించాను. ఒకదాని మీద సిరా పాకి మరకైపోయింది. మిగతా 21 అలాగే ఉన్నాయి.

పాతస్టాంపులు:

లామినేషన్ మళ్ళీ చేయించకండి బాబూ. ఆ వేడికి సిరా, కాగితం రెండూ పాడవుతాయి. మడతలు మెల్లగా విప్పి, స్కాన్ చేసి, ఆసిడ్ లేని కాగితం మధ్య పెట్టుకోండి. సెల్లో టేప్ అసలు వద్దు. కవర్లు పారేయకండి, వాటి మీద ముద్రలే సగం కథ.

ఎం.ఇ.ఎఫ్. అంటే మిడిల్ ఈస్ట్ ఫోర్స్. ఈజిప్టు, లిబియా వైపు అన్నమాట. సి.ఎం.ఎఫ్. అంటే సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్స్, ఇటలీ. సైనికుడు ఊరి పేరు రాయకూడదు, తన యూనిట్ ఎక్కడికి కదులుతోందో రాయకూడదు. రాస్తే సెన్సార్ కత్తిరిస్తాడు, మీ కిటికీలు అవే. కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే పోస్టాఫీసు) నంబరు, సెన్సార్ ముద్ర ఉంటాయి. ఆ నంబర్లూ తేదీలూ కలిపి చూస్తే ఏ నెలలో ఎక్కడున్నాడో చాలావరకు పట్టుకోవచ్చు.

జనవరి 1944కి ఇటలీ చేరాడంటే 4వ ఇండియన్ డివిజన్ అయ్యే అవకాశం ఉంది. అది 1943 డిసెంబరులో అక్కడికి వెళ్ళింది. దాంట్లో మద్రాస్ సాపర్స్ వాళ్ళ 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ ఉండేవి. కానీ 8వ డివిజన్ అప్పటికే ఇటలీలో ఉంది కాబట్టి ఊహతో ఆగకండి. సర్వీస్ నంబరు ఉంటే బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్‌కి ఇప్పటి పేరు) రికార్డ్స్‌కి రాయండి.

4వ డివిజనే అయితే మీ తాతగారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇటలీలో పెద్ద పోరు జరిగిన కాసినో కొండ కింద ఉన్నట్టే. సాపర్ల పనంటే మందుపాతరలు తియ్యడం, దారి వెయ్యడం, వంతెన కట్టడం. అదే ఫిబ్రవరి 24న మిగ్నానో దగ్గర మద్రాస్ సాపర్స్ సుబేదార్ సుబ్రమణియన్ తోటివాళ్ళని కాపాడటానికి మందుపాతర మీద పడి చనిపోయాడు. ఆయనకి జార్జ్ క్రాస్ అనే పెద్ద బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. ఆ రెండు నెలల ఉత్తరాల్లో ఏముందో చూసి చెప్పండి.

ఫొటో ఉత్తరాన్ని ఎయిర్‌గ్రాఫ్ అంటారు. ఒక ఫారం మీద రాసిస్తే దాన్ని చిన్న ఫిల్ము మీద ఫొటో తీసి, ఆ ఫిల్మును విమానంలో పంపి, ఇక్కడ ప్రింటు వేసేవారు. కాగితాల మోత తగ్గుతుందని. ఫొటోయే కాబట్టి తెలుగైనా సరే, రాసింది రాసినట్టు వచ్చేది.

బుల్లోడు_బెంగుళూరు:

నా అనుమానం, సొరపాదు కోడ్ వర్డ్. సాపర్ కదా, పాదు అంటే వంతెన, కాయ అంటే బాంబు. సెన్సార్ కళ్ళు కప్పాడు తాతయ్య. సూపర్.

అత్తిలిబామ్మ:

కోడే నాయనా, కానీ మిలటరీకి కాదు.

నాకు 78 ఏళ్ళు. మా నాన్న బర్మా వెళ్ళాడు. మా పుట్టింటికి మిలటరీ మాధవరం దగ్గరే, ఇంటింటా సిపాయిలున్న ఊరు అది. ఆ వైపు ఉత్తరం వచ్చిందంటే వీధి వీధంతా అరుగు దగ్గరికి చేరేదని మా అమ్మ చెప్పేది. మా తాతకి చదువు రాదు. మేష్టారో, పోస్టుమేనో గట్టిగా చదవాలి. అక్కడ రాసేవాడు వేరే, మధ్యలో విప్పి చదివే దొర వేరే, ఇక్కడ చదివి వినిపించే మేష్టారు వేరే. అరుగు మీద మామగారు. మా అమ్మ తలుపు వెనక. ఇందరిని దాటి పెళ్ళానికి ఒక మాట చేరాలి. ఆ రోజుల్లో పెళ్ళాం పేరు ఉత్తరంలో రాస్తే ఇంకేమైనా ఉందా? "ఇంట్లో అందరినీ అడిగితినని చెప్పవలెను" అంటే ఆ అందరూ మా అమ్మే.

మా నాన్న ప్రతి ఉత్తరంలో "నల్లావు మేత తింటున్నదా" అని రాసేవాడు. మాకు నల్లావు లేదు. మా అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు.

మీ మామ్మని అడగండి. లేకపోతే మీ ఇంట్లో పెద్ద ఆడవాళ్ళని. మగవాళ్ళని అడక్కండి, వాళ్ళకి తెలియదు.

ఇంకొకటి. మొత్తం ఒకే చేతిరాతేనా? సిపాయిల్లో చదువు రానివాళ్ళే ఎక్కువ. రాయడం వచ్చిన ఒక్కడే పదిమందికి రాసిపెట్టేవాడు.

గోదారిగట్టు:

బామ్మగారూ, మీ చివరి ప్రశ్నకి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉత్తరాలన్నీ నేల మీద వరసగా పరిచాను.

1944 మార్చి మొదటి వారం దాకా ఒకే చేయి. గుండ్రటి అక్షరాలు. "మహారాజశ్రీ తండ్రిగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి" అంటూ మొదలవుతుంది. మధ్యలో రెండుసార్లు "ఇది వ్రాయుచున్న రాజమండ్రి అన్న మీకు దండములు చెప్పుచున్నాడు" అని ఉంది. ఇన్నాళ్ళూ అది గమనించకుండా చదివేశాను.

పాతస్టాంపులు గారూ, ఆ ఫిబ్రవరి ఉత్తరంలో ఉన్నది ఇంతే: "ఇచట వాన, చలి. మోకాలు లోతు బురద. మన మాగాణి దమ్ము చేసినట్లున్నది." దాని కింద ఒక కిటికీ.

తర్వాత నాలుగు నెలలకి పైగా ఏమీ లేదు. మళ్ళీ తారణ శ్రావణంలో, అంటే 1944 జూలై, ఆగస్టుల్లో ఒకటి వచ్చింది. పెన్సిలు రాత. అక్షరాలు పెద్దవి, వంకరటింకర, ఒత్తులు చాలాచోట్ల లేవు. మొత్తం ఐదు లైన్లు. తాతయ్య చేతికి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను నేను. కానీ తాతయ్య సంతకం నేను చూశాను, రేషన్ కార్డు మీద. ఆ "క" తలకట్టు అచ్చం అదే. ఈ రాత తాతయ్యదే. ముందువి రాజమండ్రి అన్నవి. ఆయన పేరు మళ్ళీ ఏ ఉత్తరంలోనూ రాలేదు. ఏమయ్యాడో తాతయ్య రాయలేదు.

పాతస్టాంపులు:

గాయపడి వెనక్కి వచ్చి ఉండొచ్చు, వేరే కంపెనీకి మారి ఉండొచ్చు. ముందే చనిపోయాడని అనుకోకండి. చూడాలనుకుంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఉచితంగా వెతకొచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇచ్చారు. రెజిమెంట్, తేదీ పెట్టి వెతకండి. స్పెల్లింగులు ఘోరంగా ఉంటాయి, రాజమండ్రిని నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. హిందూ, సిక్కు సైనికుల్లో చాలామందిని దహనం చేశారు కాబట్టి సమాధి లేకపోయినా సాంగ్రో నది దగ్గర, ఫోర్లీలో ఉన్న స్మారకాల మీద పేర్లు చెక్కించారు.

గోదారిగట్టు:

వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

సొరపాదు మాత్రం తేలింది. మామ్మ పోయి 20 ఏళ్ళు దాటింది. మా పెద్దత్తయ్య ఉంది, పిఠాపురంలో. ఆదివారం వెళ్ళి చదివి వినిపించాను. "ఎటుల ఉన్నది, కాసినదా" దగ్గరికి రాగానే పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "మన దొడ్లో సొరపాదు ఎప్పుడుందిరా? ఆ కాయని నేనే!" అంది.

తాతయ్య ఓడ ఎక్కే వేళకి మామ్మకి మూడో నెలట. తండ్రికి రాసే ఉత్తరంలో ఆ సంగతి ఎలా అడుగుతాడు? వెళ్ళేముందు ఇద్దరూ అనుకున్న మాటట అది. అత్తయ్య పుట్టింది 1942 శ్రావణంలో. కాయ పుట్టాక ఇంక సిగ్గేముంది, అక్కణ్ణించి "అమ్మాయి పాకుచున్నదా, నడచుచున్నదా" అని నేరుగానే అడిగాడు. తేదీలు నా కళ్ళ ముందే ఉన్నా కలుపుకోలేకపోయాను.

బుల్లోడు గారూ, బాంబు సంగతి అత్తయ్యకి చెప్పాను. కోప్పడలేదు లెండి.

ఆ మూడు ఉత్తరాల్లో ఒకటి నేను లామినేషన్ చేయించి మరక చేసిందే. మిగతా రెండూ అత్తయ్య దిండు కింద పెట్టేసుకుంది. స్కాన్ చేసి తెచ్చిస్తానంటే, "నువ్వు చేసిన నిర్వాకం చాలు, మిషను ఇక్కడికే పట్టుకురా" అంటోంది. ఫోన్‌తో ఫొటో తీస్తే సరిపోతుందంటారా?