ఇంపెల్లర్ మార్చాక పక్క ధార సన్నం, వెనక పొగ బొక్కలోంచి నీళ్ళు బాగా: కూలింగ్ ఉన్నట్టా లేనట్టా?

ఉప్పాడతెప్ప:
అన్నలకి నమస్తే. మాది ఫైబర్ తెప్ప, 9.9 హెచ్‌పీ టూస్ట్రోక్ ఔట్‌బోర్డు, పెట్రోల్ మీద స్టార్ట్ చేసి కిరసనాయిలు మీద నడుపుతాం. జూన్ 14తో వేట నిషేధం అయిపోతాదని ముందే ఇంపెల్లర్ (ఇంజన్ చల్లబరిచే నీళ్ళు తోసే పంపులో రబ్బరు చక్రం) మార్పించాను. అప్పట్నించీ పక్కనున్న టెల్‌టేల్ ధార (పంపు పనిచేస్తోందని చూపించేది) సన్నగా, ఆగి ఆగి వస్తోంది. కానీ వెనక లెగ్ (ఇంజన్ నించి నీళ్ళలోకి దిగే కాలు) పైభాగంలో పొగొచ్చే చిన్న బొక్క ఉంటది చూడండి, దాన్లోంచి మాత్రం నీళ్ళు ఎప్పుడూ లేనంత కొడుతున్నాయి. ఊళ్ళో సగం మంది ఏం కాదు పో అంటన్నారు, సగం మంది ఇంజన్ పట్టేస్తది అంటన్నారు.

పాతసరంగు:
నీళ్ళు ఏ బొక్కలోంచి వస్తే ఏంటి తమ్ముడూ, వస్తన్నాయి కదా. పంపు ఎత్తకపోతే అంత పైకి ఎలాగొస్తాయి? పక్క బొక్కలో ఇసక కూరుకుంది, నైలాన్ తంగూసు ముక్క పెట్టి పొడు, సరిపోద్ది. దీనికి మెకానిక్కు దగ్గరికెళ్ళావంటే లెగ్గు దింపాలి, హెడ్డు విప్పాలి అంటాడు.

లెగ్‌మెకానిక్:
సరంగు గారూ, ఏ బొక్కలోంచి అన్నదే ఇక్కడ అసలు సంగతండి. నీళ్ళు కింద జాలీలోంచి లోపలికెళ్తాయి, ఇంపెల్లర్ తోస్తే గొట్టం గుండా పైన పవర్‌హెడ్‌కి, అంటే అసలు ఇంజన్‌కి ఎక్కుతాయి, బ్లాకూ హెడ్డూ చల్లబరిచి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళు వదిలే వాల్వు) దాటి, పొగతో కలిసి మళ్ళీ లెగ్‌లోంచి కిందికి దిగుతాయి. టెల్‌టేల్ అన్నది పైన చీలిన చిన్న పాయ మాత్రమే. ఐడిల్‌లో పొగకి ప్రొపెల్లర్ దగ్గర నీటిని తోసుకుని పోయే బలం ఉండదు కాబట్టి వెనక బొక్కలోంచి పోద్ది, దాంతో కాస్త తుంపర రావడం మామూలే. తుంపర కాకుండా ధారగా కొడుతోంది, అదీ ఇంపెల్లర్ మార్చాకే మొదలైందంటే నా అనుమానం ఒకటే. లెగ్ తిరిగి ఎక్కించేటప్పుడు ఆ గొట్టం చివర పంపు మీదున్న రబ్బరు బుష్‌లో కూర్చోలేదు. ఎక్కించేవాడి కళ్ళన్నీ గేరు రాడ్డు మీదా షాఫ్టు పళ్ళ మీదా ఉంటాయి, గొట్టం సంగతి మర్చిపోతాడు. అప్పుడు పంపు తోసిన నీళ్ళు ఇంజన్ దాకా పోకుండా లెగ్ లోపలే చిమ్మేసి వెనకనించి బయటికొస్తాయి. చూసేవాళ్ళకి బోలెడు నీళ్ళు, పైన హెడ్డు మాత్రం కాలిపోతా ఉంటది.

పాతసరంగు:
ముందు తంగూసు పెట్టి పొడవమనండి.

డల్లాస్_ఫిషింగ్:
నాది ఇక్కడ లేక్ లూయిస్‌విల్‌లో తిరిగే చిన్న బోటు. రెండేళ్ళకోసారి ఇంపెల్లర్ కిట్ మొత్తం మార్చేస్తా. ఇంట్లో జాలీకి మఫ్స్ (పైపు తగిలించే రబ్బరు కప్పులు) తగిలించి గార్డెన్ పైపు పెట్టి రన్ చేసి చూడండి, ధార ఫుల్‌గా వస్తే పంపు ఓకే, వర్రీ అక్కర్లేదు.

లెగ్‌మెకానిక్:
అన్నా, కుళాయి ప్రెజర్‌కి చచ్చిన ఇంపెల్లర్ దాటుకుని కూడా నీళ్ళు పైకి ఎక్కుతాయి. ఉప్పు కడగడానికి మఫ్స్ మంచివే, పంపు బలం తెలియాలంటే మాత్రం డ్రమ్ములో పెట్టాలి, నీళ్ళు ప్రొపెల్లర్ పైనుండే కేవిటేషన్ ప్లేటు పైదాకా ఉండాలి. అదీ పెద్ద డ్రమ్ము, చిన్నదాన్లో పొగ బుడగలు తిరిగి జాలీలోకే వెళ్ళి ధార ఊరికే తెగుతూ ఉంటది.

ఉప్పాడతెప్ప:
తంగూసు పెట్టానండి, ఏమీ అడ్డు లేదు. టెల్‌టేల్‌కి వచ్చే సన్న పైపు పవర్‌హెడ్ దగ్గరే ఊడదీసి చూసినా అక్కడే సన్నగా వస్తోంది. హెడ్డు మీద చెయ్యి ఆనట్లేదు.

భీమిలి_బోటు:
థర్మోస్టాట్ తీసి పారెయ్ బావా, మా వేపు అందరం అదే చేసీసినాం.

లెగ్‌మెకానిక్:
అది తీసేస్తే ఇంజన్ వేడెక్కదు, కిరసనాయిలు సరిగా మండదు, ప్లగ్గులు మసిబారతాయి. అయినా పైకి నీళ్ళే ఎక్కనప్పుడు థర్మోస్టాట్ ఏం చేస్తదండి పాపం.

పాతసరంగు:
తంగూసు సరిగ్గా లోపలిదాకా పెట్టుండడు. ఆ సన్న పైపులో మలుపు దగ్గర ఇసక పడతాది, నాకు తెలుసు. పోయినేడు నా ఇంజన్‌కీ ఇలాగే అయితే ఒకాయన హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పి విప్పించాడు, సామానుకీ కూలికీ కలిపి వేలు లాగాడు. చివరికి చూస్తే చారెడు ఇసక. అందుకే నేను మెకానిక్కుల మాట నమ్మను, ఎవరేమనుకున్నా సరే.

లెగ్‌మెకానిక్:
ఎవరో మిమ్మల్ని మోసం చేస్తే ఇంజన్ తీరు మారిపోద్దా అండి? గ్యాస్కెట్ పోతే గుర్తు వేరే ఉంటది, టెల్‌టేల్‌లో బుడగలొస్తాయి, పొగ వాసనొస్తది. ఈయన అది చెప్పలేదు, నేనూ గ్యాస్కెట్ అనలేదు. ఇంకోటి చెప్పనా, ఆ ఇసక లోపలికి ఎలా వెళ్ళింది? తెప్పని ఒడ్డు మీంచి తోస్తూ మోకాలి లోతు నీళ్ళలోనే తాడు లాగేస్తారు. కెరటం వెనక్కి లాగినప్పుడు జాలీ గాల్లో, రబ్బరు పంపు ఎండుది తిరగతా ఉంటది. తర్వాత తిట్లు మాత్రం మాకు.

పాతసరంగు:
మాకేమన్నా జెట్టీ కట్టించారా? కెరటం దాటాలంటే ఇంజన్ అక్కడే వెయ్యాలి, వెయ్యకపోతే తెప్ప అడ్డం తిరిగి బోల్తా పడతాది. షెడ్డులో నీడన కూచుని చెప్పడం తేలికే బాబూ.

భీమిలి_బోటు:
ఇద్దరూ ఓసారి ఆగండేటి.

లెగ్‌మెకానిక్:
నీడన కూచుని తినట్లేదండి నేను. ఉప్పుకి పట్టేసిన బోల్టు విరక్కుండా తీయడానికి ఒక్కోసారి పూటంతా పోతాది, ఆ కూలి అడిగితే దొంగ అంటారు. ఉప్పాడ తమ్ముడూ, నీకు మార్చినాయన అప్పజెప్పే ముందు ఇంజన్ నడిపి చూపించాడా?

ఉప్పాడతెప్ప:
లేదండి. ఆయన దగ్గర డ్రమ్ము లేదు, సముద్రంలో చూసుకో అన్నాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే నువ్వు ఇసకలో స్టార్ట్ చేసుంటావు, నాకు సంబంధం లేదంటన్నాడు. మళ్ళీ దింపాలంటే కూలి మళ్ళీ ఇవ్వాలంట.

పాతసరంగు:
అద్దీ! నేను మొదట్నించీ అంటున్నది అదే. లెగ్గు దింపు అని నువ్వు ఒక్క మాటలో అనేసావు. దింపితే ఆ రోజు వేట లేదు, కలాసీలకి పని లేదు, పైగా పాడు చేసినోడికే రెండోసారి డబ్బులు కట్టాలి. తంగూసు ముక్కతో పోయేదైతే పోనీ అని చెప్పాను. నిషేధం రెండు నెలలు ఖాళీగా కూచుని ఇప్పుడే కదా నాలుగు డబ్బులు చూసేది.

లెగ్‌మెకానిక్:
ఆ మాట ముందే అంటే ఇంత గొడవెందుకండి. నడిపి చూపించకుండా ఇచ్చినాయన తిరిగి ఊరికే దింపి చూపించాలి, అందులో నాకూ రెండో మాట లేదు. కాకపోతే డ్రమ్ములో పెట్టి నడిపి చూపిస్తా, ఓ గంట ఆగండి అంటే ఆగేవాళ్ళేరీ? ఆ గంటకి కూలి ఇచ్చేవాళ్ళేరీ? పొద్దున్నే తెచ్చి మధ్యాన్నానికి ఇచ్చెయ్ అంటారు. తమ్ముడూ, ఏదేమైనా ఇలా మాత్రం సముద్రంలోకి పోకు. ఈ చిన్న టూస్ట్రోకుల్లో చాలావాటికి వేడెక్కితే మోగే బజర్ కూడా ఉండదు, పిస్టన్ పట్టేసాకే తెలుస్తాది.

డల్లాస్_ఫిషింగ్:
ఇంజన్ హైట్ కూడా చూడండి. షార్ట్ షాఫ్ట్ మోటర్ ఎత్తు ట్రాన్సమ్‌కి (ఇంజన్ తగిలించే బోటు వెనక గోడ) బిగిస్తే జాలీ గాలి పీల్చేస్తది.

ఉప్పాడతెప్ప:
ఆ మోటరే మూడేళ్ళుగా ఉంది అన్నా, ఎత్తు మార్చలేదు.

ఉప్పాడతెప్ప:
మా బావమరిదీ నేనూ కలిసి లెగ్ దింపేసామండి. రబ్బరు బుష్ ఓ పక్కకి మడతపడి ఉంది, గొట్టం బయటే దిగింది. ఇంపెల్లర్ రెక్కలు బాగానే ఉన్నాయి గానీ అది తిరిగే స్టీలు కప్పుకి లోపల గోరు తగిలేంత గీతలున్నాయి, కింద ప్లేటుకి కూడా.

పాతసరంగు:
గీతలంటే ఇసకే. నేనన్నానా లేదా?

లెగ్‌మెకానిక్:
బుష్ గురించి నేనన్నది కూడా చదవండి సరంగు గారూ. తమ్ముడూ, కప్పూ ప్లేటూ బుష్ మూడూ కొత్తవి వెయ్యి, గీతలున్న కప్పులో కొత్త రబ్బరు వేసినా పట్టు ఉండదు. బుష్‌కి గ్రీజు రాసి, ఎక్కించేటప్పుడు ఒకరు టార్చి పట్టుకుని గొట్టం ఒక్కదాన్నే చూడాలి.

ఉప్పాడతెప్ప:
సరేనండి. కాకినాడలో ఈ కప్పు విడిగా ఇస్తారా, కిట్ మొత్తం కొనాలా? ఎవరికైనా తెలిస్తే ఈరోజే చెప్పండి, రేపు తెల్లారి పోదామని కలాసీలు అడుగుతున్నారు.