ముర్రుపాలు వద్దనే అత్తగార్లకు నచ్చజెప్పేదెలా?

కర్నూలు జిల్లాలో ఒక పల్లెలో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడటం నా పని. బరువు తూచడం, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడటం వరకు ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కంతా పాల దగ్గరే. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలని, ఆరు నెలలదాకా నీళ్లు కూడా వద్దని గర్భిణులకు అంగన్‌వాడీలో చెబుతూనే ఉన్నాను. వాళ్లు తలూపుతారు. ఇంటికెళ్లాక మాట చెల్లేది అత్తగారిదే. ముర్రుపాలు పిండి పారబోయిస్తారు, తేనె నాకిస్తారు, వీధిలోకి గాడిద వస్తే ఆ పాలూ పోస్తారు. ‘మా పిల్లలు బతకలేదా?’ అంటే నా దగ్గర జవాబు లేదు. పైగా అలా అడిగిన ఒకావిడ నాకు వరుసకు పెద్దమ్మ!

అందుకే వచ్చే నెల అత్తగార్లను మాత్రమే కూర్చోబెడదామనుకుంటున్నాను. మీలో ఎవరైనా ఇలా చేశారా? బొమ్మతో చేసి చూపితే వింటారా, తోటి అవ్వ చేత చెప్పిస్తే వింటారా? వాళ్లను చిన్నబుచ్చకుండా మాట ఎలా మొదలుపెట్టాలి?