నేల యోగ్యత మ్యాప్: ర్యాండమ్ ఫారెస్ట్‌ను నమ్మొచ్చా?

అందరికీ నమస్కారం. ఏ నేల పంటకు పనికొస్తుందో చూపే మ్యాప్ తయారుచేస్తున్నాను. తరగతులు ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) 1976 పద్ధతివే: ఎస్1 (బాగా అనువైనది), ఎస్2 (ఓ మోస్తరు), ఎస్3 (అంతంతమాత్రం), ఎన్ (పనికిరానిది). వాలుకి 30 మీటర్ల పిక్సెళ్ల ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా, పచ్చదనానికి 10 మీటర్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు, మట్టికి 250 మీటర్ల సాయిల్‌గ్రిడ్స్ మట్టి మ్యాపులు తీసుకుని, అన్నీ 10 మీటర్లకు మార్చి ర్యాండమ్ ఫారెస్ట్‌కి (చాలా నిర్ణయ వృక్షాల ఓటుతో తరగతి తేల్చే మోడల్) ఇచ్చాను.

తరగతి ముందే రాసిపెట్టిన పాయింట్లను ఎలా పడితే అలా 70–30గా (నేర్పడానికి, పరీక్షకి) విడగొడితే కచ్చితత్వం 90 శాతం దాటింది. తెగ సంబరపడ్డాను. తీరా ప్రాంతాన్ని బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాకునీ పక్కనపెట్టి పరీక్షిస్తే దాదాపు సగానికి పడిపోయింది! పక్కపక్క పాయింట్లు ఎలాగూ ఒకేలా ఉంటాయి కదా, మోడల్ నేర్చుకోకుండా బట్టీ పట్టిందని నా అనుమానం.

మ్యాప్‌ని జూమ్ చేస్తే ఇంకో వింత. ఒక కొండవాలు మీద ఎస్1కీ ఎన్‌కీ మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. చూడబోతే అది సాయిల్‌గ్రిడ్స్ పిక్సెల్ అంచు. పిక్సెల్‌ని చిన్నది చేస్తే మట్టి వివరం పెరగదని అప్పటికి గానీ తలకెక్కలేదు.

అన్నిటినీ 250 మీటర్లకు తెచ్చేయడమే మేలా? అలా చేస్తే వాలు వివరం పోతుందని బెంగ. బ్లాకు సైజుకి వేరియోగ్రామ్ (దూరంతో పాయింట్ల మధ్య తేడా ఎలా పెరుగుతుందో చూపే గీత) రేంజ్, అంటే ఆ గీత చదునయ్యే దూరం, చూడమంటారు, నాకేమో ఆ గీత ఎక్కడా చదునవకుండా పైకి పోతూనే ఉంది. ముందు ట్రెండ్ (ప్రాంతమంతా ఒకవైపుగా సాగే మార్పు) తీసేయాలా?

అసలు సందేహం లేబుళ్ల మీద, అంటే మోడల్‌కి నేర్పడానికి పాయింట్లకు నేను పెట్టిన తరగతుల మీద. ఇప్పుడు సాగులో ఉన్న పొలాలన్నిటికీ ఎస్1 పెట్టేశాను. నీళ్లు దగ్గరున్నాయని సాగు చేసేవాళ్లూ ఉంటారుగా, అది నేల గొప్పతనం కాదు. ఈ పని చేసినవాళ్లు లేబుళ్లు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో కాస్త చెప్పరూ?