తేనెటీగల తోట వేశాం, ఈగ వాలదు, పిందె నిలవదు. ఏం చేయాలి?

పర్లాకిమిడి టీచర్:
సాయంత్రం నుంచి ఫోన్లో వెతికి వెతికి కళ్లు మండుతున్నాయి, ఎవరైనా దారి చూపండి. మా బడిలో పిల్లలతో తేనెటీగల తోట వేయించాం. వేల్స్ జాతీయ బొటానికల్ గార్డెన్ వాళ్లు ఈగలకు ఏ పూలు ఇష్టమో పరిశోధించారని చదివి, అలాంటి విత్తనాలే ఆన్‌లైన్‌లో తెప్పించాం. బోరేజ్, లావెండర్ లాంటి విదేశీ పూలమొక్కలవి. సగం మొలవలేదు, మొలిచినవి మాడిపోయాయి. బంతి మాత్రం బాగా పూసింది, దాని మీద ఈగ వాలదు. పక్కన పాదులు విరగబూస్తున్నాయి, పిందె పసుపు తిరిగి రాలిపోతోంది. పిల్లలు రోజూ అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది.

గుణుపురం రైతు:
ఏం పాదులు? విత్తనాలు ఏ నెలలో చల్లారు?

జయపురం మాస్టారు:
అమ్మా, పరాయి మొక్కలు తెచ్చి వేయడమే అసలు చిక్కు. మన ఈగలు మన చెట్లకు అలవాటు పడ్డవి. కానుగ, వేప, నేరేడు పూతకు వచ్చినప్పుడు చెట్టు కింద నిలబడి వినండి, కొమ్మంతా రొద. బడి గోడ వారగా మొలిచే తుమ్మి మొక్కను కలుపు అని పీకేస్తున్నారు, తెల్లటి ఆ చిన్న పూల కోసం ఈగలు పొద్దున్నే వస్తాయి. మా కొండల్లో వలిసెలు, అదే నూనెగింజల పంట, పూస్తే చేనంతా తేనెటీగలే. వీలైతే జయపురంలో స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ల బిజూ పట్నాయక్ ఔషధ మొక్కల తోటకు పిల్లల్ని తీసుకెళ్లండి. మన నేలకు ఏది పనికొస్తుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

రాయగడ నర్సరీ:
మాస్టారూ, వలిసెల పుట్టిల్లు ఇథియోపియా. బంతి మెక్సికో నుంచి వచ్చింది. స్థానికం అంటే ఎన్నేళ్ల నుంచి ఉన్నది?

జయపురం మాస్టారు:
తరతరాలుగా ఆదివాసీ రైతులు వేస్తున్న పంట అది. నిన్న ప్యాకెట్లో వచ్చిన దానితో కలిపేస్తే ఎలాగండీ?

రాయగడ నర్సరీ:
నేననేది వేరు. ఎండకు తట్టుకోవడం, స్థానికం కావడం రెండూ ఒకటి కాదు. లండన్‌లో క్యూ గార్డెన్స్‌కు 2022 కరువులో నాలుగు వందలకు పైగా చెట్లు పోయాయి. అప్పట్నుంచి వాళ్లు లండన్ కంటే వేడి, పొడి ప్రాంతాల జాతుల వైపు చూస్తున్నారు. మనకు ఎండతో పాటు గాలి కూడా ఉంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ ఊళ్లో ఏ చెట్లు కూలాయో, ఏవి నిలబడ్డాయో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. మొక్కల ఎంపికకు అంతకంటే మంచి ఆధారం లేదు.

బరంపురం:
టీచర్ గారూ, వేల్స్ వాళ్ల పని నేనూ చదివాను. తేనెలో దొరికిన పుప్పొడి డీఎన్ఏను పరీక్షించి 2017లో ప్రచురించారు. తోటలో బోలెడన్ని రకాలు పూస్తున్నా, ఈగలు ఎక్కువగా వెళ్లింది కొద్ది రకాలకే, అందులోనూ కంచెల్లో, అడవి అంచుల్లో ఉండే మామూలు మొక్కలకు. జాబితా వాళ్ల ఊరిది, పద్ధతి మాత్రం మీకు పనికొస్తుంది. ఏ పువ్వు మీద ఏ వేళకు ఏ పురుగు వాలిందో పిల్లల చేత రాయించండి. ఇంకొకటి, మీది ముద్ద బంతా, రేక బంతా? ముద్ద బంతిలో రేకులే తప్ప ఈగకు అందే పుప్పొడి, తేనె తక్కువ. రేక బంతి వేయండి.

పర్లాకిమిడి టీచర్:
ముద్ద బంతే. విత్తనాలు ఏప్రిల్‌లో చల్లాం, సెలవుల్లో వాచ్‌మన్ నీళ్లు పోశాడు. పాదులు ఆనప, బీర.

గుణుపురం రైతు:
ఏప్రిల్ ఎండకు లావెండర్ ఏం బతుకుతుంది. ఆనప, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. ఆనప పువ్వుకు చీకటిపడ్డాక చిమ్మటలు రావాలి. పగలు ఈగ కోసం చూస్తే ఏం కనిపిస్తుంది? అక్కడ రాత్రి లైటు ఉందా?

పర్లాకిమిడి టీచర్:
ఉంది. పందిరి పక్క గోడకే పెద్ద లైటు, దొంగల భయంతో తెల్లార్లూ వెలుగుతుంది.

గుణుపురం రైతు:
పందిరి వైపు ఆపించండి, వెలుతురుంటే చిమ్మటలు పువ్వు వదిలి లైటు చుట్టూ తిరుగుతాయి. ఈలోగా సాయంత్రం మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు మధ్యలో అద్దండి. పువ్వుకు పువ్వు. అద్దినవాటికి దారం కట్టండి, తేడా తెలుస్తుంది.

జయపురం మాస్టారు:
నేలంతా ఆకులతో, ప్లాస్టిక్ షీటుతో కప్పకండి. ఒంటరిగా బతికే ఈగలు చాలావరకు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి. ఎండ తగిలే ఓ మూల ఖాళీ మట్టి వదలండి. వంకాయ వేసుంటే దానికి తుమ్మెద కావాలి, రెక్కల కండరాలు అదిరిస్తేనే ఆ పువ్వు పుప్పొడి రాలుస్తుంది. తేనెటీగకు అది చేతకాదు.

రాయగడ నర్సరీ:
ఇది మాత్రం నిజం. స్థానికం సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదు మాస్టారూ.

పర్లాకిమిడి టీచర్:
లైటు గురించి హెడ్మాస్టర్ గారిని అడిగాను, ఆలోచిస్తామన్నారు. నిన్న సాయంత్రం పిల్లలు అద్దారు, దారాలు కట్టారు. థ్యాంక్స్ అండీ. వలిసె విత్తనం ఇటువైపు ఎక్కడ దొరుకుతుంది? ఆగస్టులోపు చల్లాలంటున్నారు.

జయపురం మాస్టారు:
సెప్టెంబరు దాకా పర్వాలేదమ్మా. గుణుపురం సంతలో దొరకదా?